పంతులమ్మగారి నుయ్యి ఓడిన రోజు

మా ఎదురింటి పంతులమ్మగారు పోయారన్న కబురు నాకు ఖాళీ చేపల బుట్టతో వచ్చింది. రోజూ వీధి మొదట్లోంచే కేక పెట్టుకుంటూ వచ్చే నూకాలమ్మ ఆ పొద్దున కేక పెట్టలేదు. తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి, బుట్ట కింద పెట్టింది.

"ఇయాల యాపారం నేదమ్మా. పంతులమ్మ గోరు ఎలిపోనారట. ఎలమంచిలి రైల్లో వచ్చినోళ్ళు సెప్పినారు" అంది.

ఒంట్లో బాగుండటం లేదని ఆవిడని ఎలమంచిలిలో తమ్ముడింటికి తీసుకెళ్ళి నెల కావస్తోంది. తిరిగొస్తారనే అనుకున్నాను. ఎదురింటి తాళంకప్ప కేసి చూశాను. నూకాలమ్మ కూడా అటే చూసింది. లోపల్నించి మా అత్తగారు "ఎవరే, ఏటంటంది?" అని అడిగింది. నూకాలమ్మే లోపలికి వెళ్ళి చెప్పింది. పన్నెండేళ్ళ కిందట జాలరి ఇంటి మనిషి మా గడప దాటి లోపలికి రావడం జరిగే పని కాదు. అది జరిగేలా చేసిన మనిషి గురించే మీకు చెప్పాలనుకుంటున్నాను.

పంతులమ్మగారు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మనిషి పొట్టి, నడక గట్టి. ఆవిడ చీరకొంగు చివర ఎప్పుడూ ఓ సుద్దముక్క ముడేసి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ముడి విప్పి, అందుబాటులో ఉన్న అరుగు మీదో గోడ మీదో బొమ్మ గీసేసేవారు. వీధిలో సగం అరుగుల మీద గుండెకాయలూ మేఘాలూ ఉండేవి. మా అత్తగారు వాటిని కడుగుతూ తిట్టేది. ఎవరేం చెప్పినా ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: "చూసి చెప్తన్నావా, విని చెప్తన్నావా?" ఈ ప్రశ్నకి జడిసి మా వీధిలో పుకార్లు ఆవిడ ఇల్లు దాటుకుని పక్క వీధికి పోయేవి.

నేను భీమిలి నుంచి ఈ వీధికి కోడలిగా వచ్చేనాటికి ఇంటర్మీడియట్ సైన్సు ప్యాసై ఉన్నాను. ఆ చదువు ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద పడి ఉండేది. మా ఆయనకి హార్బర్లో ఉద్యోగం. నా ఉద్యోగం నీళ్ళు మొయ్యడం.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా వీధి పైనుంచి సముద్రం దాకా దిగుతుంది. పై భాగంలో మా లాంటివాళ్ళం, ఊళ్ళలో పొలాలున్నా పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం. కింద, ఇసుక మొదలైన చోట జాలరి ఇళ్ళు. పైన ఇంటికో నుయ్యి ఉంది, ఏ నూతి నీళ్ళతోనూ కందిపప్పు ఉడకదు. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు, తలంటుకుంటే జుట్టు చిక్కుముడి. మంచినీళ్ళకి రెండు వీధులవతల కుళాయి ఒక్కటే గతి. దానిదగ్గర బిందెలకంటే ముందు మాటలు నిండేవి.

ఇంత ఉండీ, మా నుయ్యి ఉప్పన అని ఒక్క ఇల్లాలు ఒప్పుకోదు. నుయ్యి ఉప్పన అంటే వంశం ఉప్పన అన్నట్టే. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ముందు నీళ్ళు తాగి చూస్తారాయె. అందరి నూతులూ పంచదారే, అందరి పప్పూ కుళాయి నీళ్ళతోనే. వీధి మొత్తానికి పేరు మోసిన నుయ్యి మాత్రం పంతులమ్మగారిది. వాళ్ళ మావగారు తవ్వించినప్పుడు ఊరు ఊరంతా వచ్చి దోసిళ్ళతో తాగి వెళ్ళారని చెప్పుకునేవారు.

అప్పుడొచ్చింది ఆ అవకాశం. మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చి, మా వీధికి చేతిపంపుతో ఒక నుయ్యి మంజూరైందని, ఎక్కడ తవ్వాలో మీరే తేల్చుకుని వేసవి లోపల చెప్పమని అన్నాడు. ఒక్కటే నుయ్యి. ఉప్పునీళ్ళు పడితే మళ్ళీ ఇంకోటి రాదు. పెద్దలు కూర్చుని ఒక్క గంటలో తేల్చేశారు, పంతులమ్మగారి ఇంటి పక్కన ఖాళీ జాగాలో తవ్వాలని. అంతకంటే తీపి నేల ఎక్కడుంది? ఆవిడ అడగనే అడిగారు, చూసి చెప్తున్నారా విని చెప్తున్నారా అని. మీ నుయ్యే కదమ్మా, మీకు తెలీదా అన్నారు వాళ్ళు.

"అలవాటైన నాలుక సాక్ష్యం చెల్లదు" అన్నారు ఆవిడ. ఈ మాట తరవాత మా ఇళ్ళలో సామెతై కూచుంది.

ఆ రోజుల్లోనే ఒక కాలేజీ లెక్చరరు సముద్రపు ఒడ్డున భూమిలో నీళ్ళ మీద పరిశోధన చేస్తూ ఉండేవారు. ఏ నుయ్యి ఎంత ఉప్పుదేలిందో నెలనెలా చూడాలి. ఒక్కడూ ఎన్ని గుమ్మాలు తొక్కగలడు? పంతులమ్మగారికి ఈయన గోడు తెలిసి, మీకు కావలసింది చేతులు, మా వీధిలో ఆడవాళ్ళ చేతులకి కొరవా అన్నారట. ఆయన పరీక్ష నేర్పారు. సీసాలో నీళ్ళు పోసి, ఇంకు ఫిల్లరుతో సబ్బుద్రావకం ఒక్కొక్క చుక్కా వేస్తూ ఊపాలి. నురుగు చెదరకుండా నిలబడేదాకా వెయ్యాలి. తక్కువ చుక్కలకే నురుగు నిలిస్తే మంచినీళ్ళు, ఎంత వేసినా నిలవకపోతే పప్పు ఉడకని నీళ్ళు. అంతే.

మందుల దుకాణం నుంచి ఖాళీ మిక్స్చరు సీసాలు తెచ్చి ఇంటింటికీ పంచారు పంతులమ్మగారు. రేపటికల్లా నీళ్ళు నింపి ఇవ్వండి, పరీక్షకి అన్నారు. అందరూ ఎంతో భక్తిగా నింపి ఇచ్చారు. లెక్చరరుగారు వాటిని పట్టుకెళ్ళి, మర్నాడు తెల్లమొహంతో తిరిగొచ్చారు. అన్ని సీసాల్లోనూ ఒకటే నురుగట. ఇన్ని నూతులున్న వీధిలో అన్నీ ఒకే నీళ్ళు ఉండటం తన చదువులో ఎక్కడా లేదన్నారు. పైగా రెండు సీసాల్లో తులసాకులు తేలుతున్నాయి, ఒకదాన్లో ఏలకుల వాసన.

సంగతేమిటో మా అత్తగారి నోటివెంట తెలిసింది. "ఇంటికొచ్చిన మనిషి నీళ్ళడిగితే నూతిలో నీళ్ళిస్తామేటి? మంచినీళ్ళ బిందిలోయే ఇచ్చినాను. మాకు మర్యాద నేదేటి?" అంది. అందరూ అదే చేశారు. కుళాయి దగ్గర కొట్టుకుని పట్టుకొచ్చిన నీళ్ళని వడగట్టి, తులసి వేసి, సీసాల్లో పోసి ఇచ్చారు.

వేరే ఎవరైనా అయితే ఈ ఆడవాళ్ళతో పరీక్షలేమిటని లేచిపోయేవారు. పంతులమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "తప్పు మనది మేష్టారూ. మనం నీళ్ళు అడిగాం, వాళ్ళు మంచినీళ్ళిచ్చారు" అన్నారు. ఆ తరవాత చాలాకాలం ఆవిడ పిల్లలకి ఈ కథ చెప్పేవారు. ప్రశ్న సరిగ్గా అడక్కపోతే ప్రపంచం మర్యాదగా అబద్ధం చెప్తుందనేవారు.

రెండోసారి పద్ధతి మారింది. ఎవరి నుయ్యి వాళ్ళు ముట్టకూడదు. అన్ని నూతుల్లోనూ నేనే తోడాలి, సీసా మెడకి నేనే ఓ రంగుదారం కట్టాలి. ఏ రంగు ఏ నుయ్యో నాకు తప్ప ఎవరికీ తెలీకూడదు, పంతులమ్మగారికి కూడా. నేను చుక్కలు లెక్కపెట్టకూడదు, చుక్కలు వేసేవాళ్ళకి దారం సంగతి తెలీకూడదు. రంగుల్ని కాగితం మీద రాసుకుంటానన్నాను. "వద్దమ్మాయ్, కాగితం మీ అత్తగారికి దొరుకుతాది. తలలో పెట్టుకో" అన్నారు. పెళ్ళయ్యాక నా తలకి ఎవరైనా పని చెప్పడం అదే మొదలు. ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టలేదంటే మీరు నమ్మాలి.

మేం పంతులమ్మగారి అరుగు మీద సీసాలు సర్దుతుంటే నూకాలమ్మ చేపల బుట్టతో వచ్చి ఆగింది. కాసేపు చూసింది.

"మా నూతికి సీసా నేదేటి?" అంది.

మా లెక్కలో వీధి అంటే జాలరి ఇళ్ళ ముందే ఆగిపోయేది. పంతులమ్మగారి మొహం ఒక్కసారి ఎర్రబడింది. చేతిలో ఉన్న సీసా తనే కడిగి నాకిచ్చి, "ముందు అక్కడికి వెళ్ళి రా" అన్నారు. నేను నూకాలమ్మ వెంట ఇసకలోకి దిగాను. తెప్పలు లాగిపెట్టిన చోటుకి కొంచెం పైన, నడుమెత్తు లోతులో ఇసకనుయ్యి. సముద్రం అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఇంత దగ్గర ఉప్పు కాక ఏముంటుందనుకుంటూనే నీళ్ళు తోడి, మిగిలిన ఆఖరు దారం కట్టాను. అది పసుపుది.

పరీక్ష సాగిన పదిరోజులూ మా అత్తగారు నన్ను చూసుకున్నట్టు మా అమ్మ కూడా చూసుకోలేదు. మీగడ పెరుగు నా కంచంలోకే. తలకి నూనె రాస్తూ, "మన నుయ్యి ఏ రంగే?" అని అడిగేది. మర్చిపోయానత్తా అనేదాన్ని. ఇంకో చెంచా మీగడ పడేది. పరీక్ష ఇంకో నెల సాగితే బాగుండుననిపించింది.

చుక్కల పరీక్షలోనూ తిప్పలున్నాయి. నురుగు ఓ పద్యం చదివేంతసేపు నిలవాలన్నారు పంతులమ్మగారు. మా పక్కింటావిడ పద్యాన్ని పరుగెత్తించేది, చివరింటావిడ రాగం తీసి సాగదీసేది. దాంతో ఒకే నీళ్ళు ఒకరి చేతిలో తీపి, ఇంకొకరి చేతిలో ఉప్పు అయ్యాయి. ఆఖరికి అన్ని సీసాలకీ ఒక్కరే చదవాలని తీర్మానించి, ఆ పని చివరింటావిడకే ఇచ్చారు. అన్నిటికీ ఒకేలా సాగదీస్తే చాలు, తప్పు కూడా అందరికీ సమానంగా ఉండాలన్నారు. ఆ మాటలో ఎంత సైన్సుందో నాకు బి.ఎస్సీ చదివేటప్పుడు అర్థమైంది.

చుక్కల లెక్క తేలిపోయింది. కానీ నురుగు చూసి పెద్దలు ఒప్పుకోరని పంతులమ్మగారికి తెలుసు. "నురుగు మనకి, పప్పు మీ అత్తలకి" అన్నారు నాతో.

ఓ ఆదివారం పొద్దున వీధి మధ్యలో ఇటుకలు పేర్చి వరసగా పొయ్యిలు పెట్టించారు. ఒకే కొట్టు పప్పు, ఒకే కొలత, ఒకేలాంటి చిన్న కుండలు. ఒక్కో కుండ మెడకి ఒక్కో రంగుదారం. పై ఇళ్ళవాళ్ళూ కింది ఇళ్ళవాళ్ళూ ఇంజనీరూ లెక్చరరుగారూ అందరూ వచ్చారు. మగవాళ్ళు పేపర్లు చదువుతున్నట్టు నటిస్తూ అరుగుల మీద కూర్చున్నారు. పంతులమ్మగారు ముందే అందరిచేతా మాట తీసుకున్నారు. ఏ కుండలో పప్పు ముందు ఉడికితే ఆ నుయ్యి పక్కనే కొత్త నుయ్యి. అది ఎవరిదైనా సరే. అప్పుడు అందరూ ఆవిడ నుయ్యి కేసే చూసి నవ్వుతూ తలలూపారు.

ఏ దారం ఎవరిదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పసుపు దారం కుండలో పప్పు అన్నిటికంటే ముందు పొంగి, మెత్తబడి, గరిటె తగిలితే కరిగిపోయింది. మిగతావాటిలో గింజ గింజలాగే ఉంది. ఆకుపచ్చ దారం కుండలో అయితే పప్పు రాయి. మా అత్తగారు వీధికి పెద్దదిక్కు కనక ఆవిడే వేళ్ళమధ్య నలిపి చూసింది. పసుపు దారం పప్పు ఉప్పేసుకుని తింది. ఇంకాస్త అడిగి తింది. "ఇదీ పప్పంటే. ఇది మన పంతులమ్మ నుయ్యే, నాను సెప్పలేదేటి?" అని అందరికీ వినపడేలా అంది.

"ఇప్పుడు చెప్పమ్మాయ్" అన్నారు పంతులమ్మగారు.

నేను చెప్పాను. పసుపు నూకాలమ్మవాళ్ళ ఇసకనుయ్యి. ఆకుపచ్చ పంతులమ్మగారిది.

మా అత్తగారి చెయ్యి కుండ దగ్గరే ఆగిపోయింది. పెద్దలు పంతులమ్మగారి మొహం చూడలేక తలలు దించుకున్నారు. మావగారి నుయ్యి, ఇంటి పరువు, నలుగురిలో రాయిలా మిగిలిన పప్పు. ఆవిడ కుప్పకూలిపోతారేమోనని నాకు భయం వేసింది. ఆవిడ ఆకుపచ్చ దారం కుండని రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించారు. పెళ్ళికూతుర్ని చేసిన రోజున కూడా ఆవిడ మొహం అలా వెలిగి ఉండదు.

"మా నుయ్యి ఓడిపోయింది. మా లెక్క గెలిచింది" అన్నారు.

లెక్చరరుగారు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత జాలరి ఇళ్ళ పిల్లలు, ఆ తరవాత మా వాళ్ళు. అరుగుల మీద పేపర్లు కింద పడ్డాయి. సముద్రం పక్కన తీపి నీళ్ళెలా వచ్చాయో లెక్చరరుగారు చెప్పారు. వాన నీరు ఇసకలోకి దిగి, బరువైన ఉప్పునీటి పైన పాల మీద మీగడలా నిలుస్తుందట. లోతుకి తవ్వితే మీగడ చెదిరిపోతుంది, పైపైనే తోడుకోవాలి. మీగడ సంగతి మా అత్తగారికి ఇట్టే అర్థమైంది.

ఇంజనీరు నూకాలమ్మవాళ్ళని అడిగాడు, మీ దగ్గర తవ్వితే పైవాళ్ళంతా వస్తారు, మీకు సమ్మతమేనా అని. నూకాలమ్మ ముందుకొచ్చింది. "నీళ్ళకేటి బాబూ, తోడుకోమనండి. ఐతే ఒక మాట. వంతులో మీయెనక మేం, మాయెనక మీరూ అని ఉండకూడదు. ఎవులు ముందొత్తే ఆలే ముందు." పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పప్పు తిన్న నోరు కదా, ముందు మా అత్తగారే మాట్లాడింది. "అలగేలే. ఐతే నాను బేగి లెగిసి నీకన్నా ముందొత్తాను" అంది. వీధంతా నవ్వింది. నవ్వుతూనే ఒప్పుకుంది.

ఆ వేసవిలో మా వీధి తీపినీళ్ళు తాగింది. వరలు దింపి, పంపు బిగించి, సిమెంటు గట్టు కట్టారు. మొదటి బిందె ఎత్తిన రోజున పంతులమ్మగారు కొంగున సుద్దముక్క తీయలేదు, ముగ్గుపిండి తెమ్మన్నారు. గట్టు మీద మా వీధిని ముగ్గులా వేశారు. గీతలు సందులు, చుక్కలు నూతులు. మంచినీటి చుక్క మీద పసుపు, ఉప్పునీటి చుక్క మీద ఉప్పుకల్లు. తన ఇంటి చుక్క మీద తనే ఉప్పుకల్లు పెట్టారు. మిగతావాళ్ళం పెట్టుకోలేదు. మా ఇంటి చుక్క మీద పంతులమ్మగారు ఉప్పు పెడితే, ఆవిడ వెళ్ళాక మా అత్తగారు తీసి పారేసేది. నెలనెలా కొత్తగా ముగ్గు వేసినప్పుడల్లా ఇదే తంతు.

పరీక్షలు మాత్రం ఆగలేదు. ఆవిడ బడిపిల్లలు సీసాలూ దారాలూ పట్టుకుని పక్క వీధులకి వెళ్ళారు. స్టీలు ప్లాంటు పనులు మొదలై ఊళ్ళోకి జనం పెరిగినకొద్దీ నీళ్ళకి ఒత్తిడి పెరిగింది. పసుపు దారం సీసాలో నురుగు తగ్గిన నెలల్లో మా పంపుకి సెలవు ఇచ్చేవాళ్ళం. పంతులమ్మగారు దాని పిడికి ఓ రిబ్బను కట్టి, నుయ్యికి ఒంట్లో బాగాలేదు, రెండు వారాలు కుళాయికి పొండి అనేవారు. చిత్రమేమంటే అందరూ వెళ్ళేవారు. మళ్ళీ నురుగు నిలిచేది. లెక్చరరుగారి పరిశోధన అచ్చయినప్పుడు అందులో మా వీధి ఆడవాళ్ళకి కృతజ్ఞతలు చెప్తూ ఒక వాక్యం ఉంది. పంతులమ్మగారు దాన్ని తెలుగులోకి మార్చి పంపుగట్టు దగ్గర నిలబడి గట్టిగా చదివారు. నూకాలమ్మ మళ్ళీ చదవమంది. మూడోసారి ఎవరూ అడక్కుండానే చదివారు.

నన్ను బి.ఎస్సీకి పంపించమని మా అత్తగారితో పోరాడింది కూడా ఆవిడే. ఇన్ని రంగులు తలలో పెట్టుకుని, ఇంత మీగడకి కూడా నోరు విప్పని పిల్లని వంటింట్లో పెట్టడం దేశానికి నష్టం వదినా అన్నారు. మా అత్తగారికి దేశం సంగతి పట్టలేదుగానీ, మీగడ మాటకి సిగ్గుపడి ఊరుకుంది. ఇవాళ నేను ఆవిడ బడిలోనే, ఆవిడ తరగతి గదిలోనే సైన్సు చెప్తున్నాను. నా కొంగుకీ సుద్దముక్క ఉంది. ఈ బతుకు ఆవిడ పెట్టింది. ఇంతకంటే పెద్దమాట నాకు చేతకాదు.

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్నే నేను బిందె తీసుకుని పంపు దగ్గరికి దిగాను. తాళం వేసిన ఎదురింటి ముందు ముగ్గు లేదు, ఉండదు కూడా. పంపుగట్టు మీద మాత్రం నూకాలమ్మ వంగి ముగ్గు వేస్తోంది. మా వీధే. గీతలు కాస్త వంకర పోయాయి, చుక్కలు మాత్రం ఎక్కడివక్కడున్నాయి. కింది చివర పసుపు పెట్టి, ఉప్పు చిప్ప పక్కన పెట్టుకుని ఆగింది. మిగిలిన చుక్కలు ఎవరివి వాళ్ళకే వదిలేసింది. పక్కింటావిడ వచ్చి తన చుక్క మీద ఒక ఉప్పుకల్లు పెట్టింది. చివరింటావిడ పెట్టింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

వెనక చేతికర్ర చప్పుడు వినిపించింది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా వీధి దిగని మా అత్తగారు ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తోంది. పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. గట్టు దగ్గరికొచ్చి, కర్ర నూకాలమ్మ చేతికిచ్చి, ఆవిడ భుజం ఆసరాగా వంగింది. మా ఇంటి చుక్క వెతికి పట్టుకుని, దాని మీద ఒక ఉప్పుకల్లు పెట్టింది. చూసి, సరిపోలేదనుకుందేమో, ఇంకోటి పెట్టింది.